గేటు మీద "మళ్ళీ కలుద్దాం": అమలాపురంలో ఒక ఫ్లెక్సు షాపు గురించి

ముందే చెప్పేస్తాను, నాకు ఫ్లెక్సులంటే పడదు. 1999 నుంచి సుమారు పదేళ్ళు బోర్డులు రాసి బతికినవాణ్ణి. రేకు మీద ఎనామిల్ పెయింటు, సుద్ద పూసిన దారం లాగి కొట్టిన గీత, ఒక్కో అక్షరానికి ముందు రంగు, తర్వాత షేడు, చివర ఔట్‌లైను. ఫ్లెక్సు మిషన్లు వచ్చాక కిళ్ళీ కొట్టువాడు కూడా నన్ను పిలవడం మానేశాడు. ఇప్పుడు పెయింట్లు అమ్ముకుంటున్నాను. గుడి ద్వారానికో, పడవకో పేరు రాయాల్సి వస్తే బ్రష్షు తీస్తాను. అలాంటి నేను ఒక ఫ్లెక్సు షాపుకి నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగవుతుంది.

షాపు పేరు రాయను. మెచ్చుకోవడంతో పాటు రెండు తప్పులు కూడా చెప్పబోతున్నాను, పేరు పెట్టి బజారుకెక్కించడం నాకిష్టం లేదు. అమలాపురం గడియారస్తంభం సెంటరు నుంచి నడిచి వెళ్ళేంత దూరం. భార్యాభర్తలు నడుపుతారు. ఆవిడ కౌంటర్లో కూర్చుని డబ్బు, ఆర్డరు పుస్తకం చూస్తారు. ఆయన వెనక గదిలో మిషను దగ్గర ఉంటాడు. మధ్యలో ఒక కంప్యూటరు, దాని ముందు ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు. నేను రాస్తున్నది నిజానికి ఆ కుర్రాడి గురించే.

మాది 1996-97 పదో తరగతి బ్యాచి, పక్క పల్లెలో జిల్లా పరిషత్ హైస్కూలు. ఈ సంక్రాంతికి, ముక్కనుమ నాడు, జనవరి 17న అందరం బడిలోనే కలవాలని అనుకున్నాం. ఫ్లెక్సు, మెడలో వేసుకునే కార్డులు, మాస్టార్లకి షీల్డులు చేయించే పని నాకు అప్పగించారు. "నువ్వు ఆర్టిస్టువి కదా" అన్నారు. నా పొట్ట కొట్టినదాన్ని నా చేతే చేయించడం వాళ్ళకి తట్టలేదు, నేనూ ఏమీ అనలేదు.

అసలు గొడవ ఫ్లెక్సు మీద ఏం రాయాలన్న దగ్గర మొదలైంది. హైదరాబాదులో ఉండే మావాడొకడు ఇంగ్లీషులో రీయునైట్ అన్న మాట పెట్టి, ఫోన్లో దాన్ని తెలుగు చేసి గ్రూపులో పడేశాడు. మొదటిసారి వచ్చింది "తిరిగి కలుపు". గ్రూపులో సగం మంది రైతులు. కలుపంటే వాళ్ళకి వరిచేలో పీకేది. "మొన్ననే తీయించాం, తిరిగి కలుపేంట్రా, మందు కొట్టాలా?" అని ఒకడు, "ఎకరానికి ఎంతమంది కూలీలు కావాలి?" అని ఇంకొకడు. రెండోసారి "మళ్ళీ ఏకమవుదాం" అని వచ్చింది. అది చదవగానే నాకు యూనియన్ ఆఫీసు గోడ గుర్తొచ్చింది. "కార్మికులారా ఏకం కండి" అని ఎర్ర రంగుతో నేనే రాశాను, అడుగు ఎత్తు అక్షరాలు. ఏకం కావడం పోరాటానికి బాగుంటుంది, పనసకాయ బిర్యానీకి కాదు.

మా క్లాసు లీడరు "పునఃకలయిక" అన్నాడు. రిటైరైన మా తెలుగు మాస్టారికి ఫోన్ చేస్తే నవ్వారు. "పునః సంస్కృతం, కలయిక తెలుగు. రెండూ కలిపి సమాసం చేస్తే వైరి సమాసం అంటారు. కలయిక గురించి రాస్తూ వైరం తెచ్చుకోకండి నాయనా" అన్నారు. సంస్కృతమే కావాలంటే పునర్మిలనం అనొచ్చట, పునస్సమాగమం అనొచ్చట. పునస్సమాగమం పలకడానికే మా వెనక బెంచీ వాళ్ళకి ముక్కనుమ సాయంత్రం అవుతుంది.

యానాం (ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళ పాలనలో ఉన్న ఊరు) వాడొకడున్నాడు మాలో. అమ్మమ్మ గారింట్లో ఉండి మాతో చదువుకున్నాడు, ఇప్పుడు ఫ్రాన్సులో ఉంటాడు. ఇంగ్లీషులో రీయూనియన్ అని పెట్టేద్దామని ఎవరో అనగానే వాడు పెద్ద మెసేజి పెట్టాడు. రీయూనియన్ అనేది హిందూ మహాసముద్రంలో ఫ్రెంచివాళ్ళ దీవి పేరట. విప్లవం రోజుల్లో, 1793లో, ఆ పేరు పెట్టారు. మధ్యలో బోనపార్టని, బూర్బనని మార్చి 1848లో మళ్ళీ పాత పేరే ఖాయం చేశారు. అది బూర్బన్‌గా ఉన్నప్పుడు, 1828లో, చెరుకు తోటల పనికి మన యానాం నుంచి కూలీల్ని ఓడెక్కించారు. "ఇంటివాళ్ళని విడిచి వెళ్ళిన చోటికి కలయిక అని పేరు, ఎలా ఉంది?" అని రాశాడు. ఫ్రెంచిలో పాత స్నేహితులు కలిస్తే "రెత్రువే" అనే మాట వాడతారని, దానికి అసలర్థం మళ్ళీ కనుక్కోవడమని కూడా చెప్పాడు. పోగొట్టుకున్న వస్తువు దొరికినా అదే మాటట. నాకు అది నచ్చింది. కానీ అమలాపురంలో ఫ్రెంచి ఫ్లెక్సు ఎవడు చదువుతాడు?

ఇలా పదిరోజులు నడిచింది. చివరికి లీడరు విసిగిపోయి నాతో చెప్పకుండానే షాపుకి ఫోన్లో మేటరు చెప్పేశాడు. పన్నెండో తారీకు నేను వెళ్ళేసరికి పది అడుగులు, ఆరు అడుగుల ఫ్లెక్సు ప్రింటయి చుట్టి ఉంది. విప్పి చూశాను. పైన బడి పేరు, బ్యాచి. మధ్యలో పెద్ద పెద్ద పసుపు అక్షరాలతో "మళ్ళీ కలుద్దాం". వెనక బొమ్మ కొండల మధ్య రెండు నదులు వచ్చి ఒకటయ్యే చోటు.

అక్షరాలు ఎలా ఉన్నాయని ముందు చూశాను, అలవాటు. లావుపాటి రామభద్ర ఫాంటు. బాగానే ఉంది, దూరం నుంచి కనిపిస్తుంది. కానీ "ళ్ళీ"లో ఒత్తు కింద గీతకి తగిలి ముద్దయింది. నేనైతే ఆ వరసకి మరో అంగుళం వదిలేవాణ్ణి. "ద్దాం"లో సున్నకి, పక్కన బొమ్మకి మధ్య గాలాడటం లేదు. ఇవన్నీ నాలాంటి వాడికే కనిపిస్తాయి, నక్షత్రం తగ్గించడానికి సరిపోవు.

"ఈ బొమ్మ ఎక్కడిది బాబూ?" అన్నాను.

"సంగమం బొమ్మండి. కలయికలకి ఇదే పెడతామండి."

మన గోదావరి కలిసేది ఎక్కడ? ధవళేశ్వరం దగ్గర గౌతమి, వశిష్ఠ అని విడిపోతుంది. వశిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయ చీలుతుంది. విడిపోయాక ఎవరి దారి వాళ్ళదే. వశిష్ఠ అంతర్వేది దగ్గర, వైనతేయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తాయి తప్ప ఒకదాన్నొకటి కలవవు. ఆ విడిపోవడంలోంచే కోనసీమ పుట్టింది. అదే చెప్పాను. కుర్రాడు ఒక నిమిషం ఆలోచించి "ఆయ్, నిజమేనండి. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదండి" అన్నాడు. అంతే, అక్కడే కంప్యూటర్లో ఉన్న డిజైనులోంచి సంగమం తీసేసి, మా గ్రూపులో ఉన్న బడి ఆవరణ ఫొటో అడిగి పెట్టాడు.

తర్వాత వాడే మెల్లిగా అసలు సంగతి ఎత్తాడు. "బాబాయ్, ఏమీ అనుకోకండి. ఇది ఎక్కడ కడతారు?"

"గేటు మీద."

"లోపలికొచ్చేవాళ్ళకి కనిపించేలాగా?"

"అవును."

"మళ్ళీ కలుద్దాం అంటే వెళ్ళిపోమని కదండీ."

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. పదేళ్ళు బోర్డులు రాసినవాణ్ణి. ఊరి పొలిమేరల్లో స్వాగతం ఒకవైపు, మళ్ళీ కలుద్దాం రెండోవైపు ఎన్ని రాశానో లెక్క లేదు. నాకు తట్టలేదు. విడిపోయేటప్పుడు అనే మాట అది. ఫోన్ పెట్టేసేటప్పుడు అంటాం, పెళ్ళిలో భోంచేసి చేతులు కడుక్కున్నాక అంటాం. మాటల్లో కలయిక ఉంది, అర్థంలో వీడ్కోలు ఉంది. ఇంగ్లీషు మాటకి అక్షరాలా సరిపోయేది గేటు దగ్గరికొచ్చేసరికి తిరగబడింది. లీడరు ఫోన్ చేసినప్పుడు కూడా కుర్రాడు ఈ అనుమానం చెప్పాడట. ఆయన బండి నడుపుతున్నాడు, "కొట్టెయ్ బాబూ" అన్నాడట. కాబట్టి ఆ ఫ్లెక్సు తప్పు షాపుది కాదు, మాది. ఇది స్పష్టంగా రాస్తున్నాను.

"మరేం పెడదాం?"

కుర్రాడు తన దగ్గరున్న నమూనాలు చూపించాడు. సంక్రాంతి సీజనులో ఇలాంటివి వరసగా వస్తాయట. అన్నిటి మీదా ఒకటే: "పూర్వ విద్యార్థుల అపూర్వ కలయిక". జిల్లా పేపర్లో కూడా ఇదే హెడ్డింగు వస్తుంది, మీరూ చూసే ఉంటారు. ప్రాస కోసం పెట్టిందే తప్ప అపూర్వం అంటే మునుపెన్నడూ లేనిది. అయిదేళ్ళు ఒకే బడిలో చదివి ఒకడి చద్దన్నం ఒకడు తిన్నవాళ్ళం, మా కలయిక అపూర్వం ఎలా అవుతుంది? ఇంకో నమూనా "ఆత్మీయ సమ్మేళనం". అది ఈమధ్య పార్టీలవాళ్ళు పట్టుకుపోయారు. ఆ మాట చూస్తే కుర్చీలు, కండువాలు, బిర్యానీ పొట్లాలు గుర్తొస్తున్నాయి.

"మళ్ళీ కలిశాం అందామా?" అన్నాను.

అప్పుడు వాడొక మాటన్నాడు. అది వినే ఈ రివ్యూ రాయాలనిపించింది. "కలిశాం అంటే బస్టాండులో కనిపించినట్టుంటుందండి. ఎమ్మార్వో గారిని కలిశాం అంటాం, డాక్టర్ని కలిశాం అంటాం. మీరు కావాలని వస్తున్నారు కదండీ. కలుసుకున్నాం అనాలండి."

నిజం. ఆ "కొను" ఉందే, అదే తేడా. కలిశాం అన్నదానికి పని ఉంటే చాలు, అవతలివాడికి ఇష్టం లేకపోయినా కలవచ్చు. కలుసుకున్నాం అంటే ఇద్దరూ చెయ్యి చాపాలి. చూశాం, చూసుకున్నాం. కొట్టారు, కొట్టుకున్నారు. మన వ్యాకరణంలో ఎంత సంగతి ఉందో, డిగ్రీ చదివిన నేను అక్షరాల వంపు చూశాను గాని ఇది చూడలేదు. వాడు చదివింది డిప్లొమా.

కలవడం అన్న మాట మనకి ఎన్ని పనులు చేస్తుందో ఆ కుర్చీలోనే లెక్కపెట్టడం మొదలెట్టాను. అన్నం కలుపుతాం. చుట్టరికం కలుపుతాం. కొబ్బరి రేటు బాగుంటే ఈ ఏడు కలిసొచ్చింది అంటాం. చీటీల వాడు ఎగేస్తే డబ్బు గోదాట్లో కలిసింది అంటాం. గొడవపడ్డ అన్నదమ్ములు కలిసిపోతారు. విడాకుల దాకా వెళ్ళిన జంట ఒక్కటవుతుంది, వాళ్ళు కలుసుకోరు. తప్పిపోయిన పిల్లాడి విషయంలో అసలు కలవడమే రాదు. "తల్లి ఒడికి చేరిన బాలుడు" అని రాస్తారు. 2003 పుష్కరాలకి కోటిపల్లి రేవులో "తప్పిపోయిన వారి సమాచార కేంద్రం" బోర్డు నేనే రాశాను, నీలం మీద తెలుపు. రోజంతా మైకులో వినేవాణ్ణి: "వారి తాలూకు మనుషులు వెంటనే వచ్చి కలవవలెను." ఎవరో పరుగెత్తుకొచ్చి ముసలావిణ్ణి పట్టుకుని ఏడ్చేవాళ్ళు. మైకులో మాత్రం ఆఫీసు పనిలాగా "కలవవలెను". 2015 పుష్కరాలకి ఆ బోర్డులన్నీ ఫ్లెక్సులే. 2027లో ఏమొస్తాయో.

సరే, షాపు సంగతికి వస్తాను. "మనమందరం మళ్ళీ కలుసుకున్నాం" అని కాగితం మీద రాసిచ్చాను. కుర్రాడు టైపు చేస్తూ ఆగాడు.

"అందరూ వస్తున్నారాండి?"

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. మేం పదో తరగతిలో ఉండగా 1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చింది. కోనసీమలో ఆ తారీకు ఎవరికీ చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి కొబ్బరి తోటలు పడుకుని ఉన్నాయి. బడికి రెండు గదుల పెంకులు ఎగిరిపోయాయి. మళ్ళీ బడి తెరిచాక ఏ సెక్షన్ని, బి సెక్షన్ని కలిపేశారు. అప్పటిదాకా కబడ్డీలో కొట్టుకునేవాళ్ళం, బెంచీకి ఆరుగురు చొప్పున ఇరుక్కుని కూర్చున్నాం. మమ్మల్ని ఒక్క బ్యాచి చేసింది ఆ తుపానే. బి సెక్షన్‌లో ఒక అమ్మాయి మాత్రం బడికి రాలేదు. సముద్రం వైపు వాళ్ళ చుట్టాలింటికి వెళ్ళింది ఆ వారం. హాజరు పట్టీలో ఆ పేరు మార్చి దాకా అలాగే ఉంది, మాస్టారు పిలిచేవారు కాదు, కొట్టేసేవారూ కాదు. ఆ తర్వాత ఇరవై తొమ్మిదేళ్ళలో ఇంకో ముగ్గురు పోయారు.

యాభై ఏడు మందిలో వస్తామన్నవాళ్ళు ముప్ఫై నాలుగు. కుర్రాడికి ఇదంతా చెప్పలేదు. "అందరూ రారు" అన్నాను. వాడు "మనమందరం" కొట్టేశాడు. తర్వాత స్క్రీను వైపు చూస్తూ, "ఇన్నేళ్ళకి కలుసుకున్నాం అంటే చాలదాండి? మళ్ళీ కూడా అక్కర్లేదు" అన్నాడు.

చాలు. ఇన్నేళ్ళకి అన్నదాంట్లోనే మళ్ళీ ఉంది, ఆలస్యం ఉంది, కొంచెం నిష్ఠూరం కూడా ఉంది. మా అమ్మ గుమ్మంలో నిలబడి "ఇన్నాళ్ళకి వచ్చావా" అంటే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ మాటకొస్తే కనుమ నాడు మా కోనసీమలోని జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ళ రుద్రులు (శివుడి రూపాలు) ప్రభల మీద వచ్చి చేరతారు, ఏటా వస్తారు. మళ్ళీ కలిశారని ఎవరూ అనరు. తీర్థం కూడింది అంటారు, అంతే.

పాత ఫ్లెక్సు ఏం చెయ్యాలన్నది తర్వాతి ప్రశ్న. ఏడొందల ఇరవై రూపాయలు గోదాట్లో కలిసినట్టే అనుకున్నాను. కౌంటర్లో ఆవిడ అన్నారు: "అన్నయ్యగారూ, పారెయ్యకండి. దీన్నే వెనకవైపు కట్టించండి. లోపలికొచ్చేవాళ్ళు కొత్తది చదువుతారు, వెళ్ళేవాళ్ళు పాతది చదువుతారు." ఇంతకన్నా మంచి వ్యాపారం నేను చూడలేదు. ఆవిడ ఇంకో ఫ్లెక్సు అమ్మారు, పాతదాన్నీ పనికి తెచ్చారు. పైగా కొత్తదానికి చదరపు అడుగుల లెక్క కాకుండా అయిదొందలే తీసుకున్నారు.

ఖర్చు అడుగుతారని రాస్తున్నాను. మొదటి ఫ్లెక్సు అరవై చదరపు అడుగులు, పన్నెండు చొప్పున 720. రెండోది 500. డిజైనుకి 200. మెడ కార్డులు ముప్ఫై అయిదు, ఒక్కోటి 40 చొప్పున 1400. షీల్డులు ఎనిమిది, 450 చొప్పున 3600. మొత్తం 6420. మూడు వేలు అడ్వాన్సు. బేరం ఆడితే ఇంకో రెండొందలు తగ్గేదేమో, నేను ఆడలేదు. ఒకప్పుడు నా దగ్గర బేరం ఆడినవాళ్ళ మొహాలు గుర్తున్నాయి.

మెడ కార్డులు బాగా వచ్చాయి. వాటి మీద పదో తరగతి గ్రూపు ఫొటోలోంచి ఒక్కొక్కరి తల కత్తిరించి పెట్టాడు. ఎవరి మొహం వాళ్ళే గుర్తుపట్టలేక అందరూ అక్కడే సగం పొద్దు గడిపారు. ఇది కుర్రాడి ఆలోచనే, అదనంగా ఏమీ తీసుకోలేదు. ఫొటో పాతది కాబట్టి ముక్కలు మసకగా ఉన్నాయి, దానికి ఎవరూ ఏమీ చెయ్యలేరు.

ఇక తప్పులు.

మొదటిది షీల్డుల మీద. మేం వాట్సాప్‌లో పంపింది యూనికోడు, అంటే ఫోన్లలో మామూలుగా టైపు చేసే తెలుగు. వాళ్ళ షీల్డు పని "అను" అనే పాత రకం ఫాంట్లలో జరుగుతుంది. మార్చినప్పుడు అక్షరాలు చెదురుతాయి, మళ్ళీ కొట్టుకోవాలి. కొట్టారు, కానీ లెక్కల మాస్టారి ఇంటిపేరులో ఒక ఒత్తు ఎగిరిపోయింది. ప్రూఫు నాకు ఫోన్లో పంపించారు, చిన్న అక్షరాలు, నేనూ చూసుకోలేదు. సభలో ఆయన షీల్డు అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మా నోటు పుస్తకాలు దిద్దినట్టే వేలితో చూపించారు. ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత కూడా తప్పు దొరికిందని ఆయనకి సంతోషమే. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. షీల్డు పని చేయించేవాళ్ళు ప్రూఫు కాగితం మీద తీయించుకుని చూసుకోండి, ఫోన్లో చూడకండి.

రెండోది కొంచెం పెద్దది. ఫ్లెక్సులు కట్టడానికి షాపువాళ్ళే ఇద్దర్ని పంపారు, సరుగుడు కర్రలతో సహా. తెల్లవారుజామున చీకట్లో వచ్చి కట్టేసి వెళ్ళిపోయారు. ఎనిమిదింటికి నేను వెళ్ళి చూస్తే రోడ్డు వైపు "మళ్ళీ కలుద్దాం" ఉంది. "ఇన్నేళ్ళకి కలుసుకున్నాం" బడి లోపలి వైపు, వంటవాళ్ళు చదువుకుంటున్నారు. అప్పటికే మా హెడ్ మాస్టారు ఆటోలో దిగారు. ఆయనకి ఎనభై దాటాయి. కర్ర మీద ఆనుకుని తలెత్తి చదివి, "ఇప్పుడే కదా వచ్చాను, అప్పుడే పంపించేస్తున్నారేంట్రా?" అన్నారు. నిలబడ్డవాళ్ళందరూ నవ్వారు. షాపుకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. తొమ్మిదిన్నరకి కుర్రాడు తనే బండి మీద వచ్చి, ఇంకొకణ్ణి పట్టుకుని విప్పి తిప్పి కట్టాడు. తాడు కట్టే ఐలెట్ రంధ్రాలు రెండు చిరిగాయి. క్షమించమని అడిగాడు, సాకులు చెప్పలేదు. అయినా ఒక నక్షత్రం అక్కడే పోయింది. ఏ వైపు ఏది కట్టాలో ఫ్లెక్సు వెనక మార్కరుతో రాసి పంపితే అయిపోయేది. మేం బోర్డులు బిగించే రోజుల్లో రేకు వెనక బాణం గుర్తు వేసేవాళ్ళం.

కుర్రాణ్ణి భోజనానికి ఉండమన్నాం, ఉన్నాడు. గేటు దగ్గర కూర్చుని వచ్చేవాళ్ళని చూస్తూ తిన్నాడు. మాలో ఇద్దరు సరిహద్దు కొబ్బరి చెట్టు మీద పదిహేనేళ్ళుగా మాట్లాడుకోరు. ఇద్దరూ వచ్చారు. గ్రూపు ఫొటోలో ఒకే వరసలో నిలబడ్డారు, మధ్యలో నలుగురు. ఒకడు వడ్డిస్తుంటే రెండోవాడు విస్తరి తీసుకుని పక్కకి తిరిగాడు. నేను కుర్రాడి పక్కన కూర్చుని అది చూపించాను. "కలుసుకున్నారండి. కలిసిపోలేదండి" అన్నాడు, పులిహోర నోట్లో పెట్టుకుంటూ.

సాయంత్రం వెళ్ళేటప్పుడు ఆడపిల్లలు (నలభై నాలుగేళ్ళ వాళ్ళని ఇంకేమనాలో నాకు తెలీదు) గేటు లోపల నిలబడి "మళ్ళీ కలుద్దాం" కింద ఫొటోలు దిగారు. ఇప్పుడది సరైన చోట ఉంది. తప్పుగా కొట్టించిన ఫ్లెక్సు దగ్గరే ఎక్కువ ఫొటోలు పడ్డాయి. "ఇన్నేళ్ళకి కలుసుకున్నాం" దగ్గర పొద్దున ఎవరికీ ఆగే తీరిక లేకపోయింది, లోపలికి పరుగెత్తారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: షాపు ముందు బండి పెట్టుకోవడానికి చోటు లేదు, కాలువ గట్టు మీద పెట్టి నడవాలి. మిషను రంగు వాసన ఘాటుగా ఉంటుంది, పిల్లల్ని తీసుకెళ్ళకండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా ఎవరూ పలకరు. సంక్రాంతికి వారం ముందు వెళ్తే కుర్రాడికి మాట్లాడే తీరిక ఉండదు, డిసెంబరులోనే వెళ్ళండి. మేటరు ఫోన్లో చెప్పకండి, వెళ్ళి వాడి పక్కన కూర్చోండి. ఎక్కడ కడతారు, ఎవరు చదువుతారు అని వాడు అడుగుతాడు. విసుక్కోకుండా జవాబు చెప్పండి.

ఫ్లెక్సులు రెండూ మా రైతు ఒకడు పట్టుకెళ్ళాడు, గడ్డివాము మీద కప్పుకుంటానని. లెక్కల మాస్టారి షీల్డు ఒత్తుతో సహా మళ్ళీ చేసిస్తామన్నారు, డబ్బు అడగలేదు. రెండుసార్లు వెళ్ళాను, ఇంకా రాలేదు. గురువారం రమ్మన్నారు.